బాపుకు పంపిన మాట

క్రిస్మస్ సెలవులకు ముందు వారం మా బడిలో టీచర్లతో ఎవరూ మాట్లాడకూడదని నా అభిప్రాయం. మాట్లాడితే కరుస్తాం. నేనైతే కరిచాను కూడా. మార్కుల ఎంట్రీ ఇంకా కాలేదా అని ఆఫీసు నుంచి అడగడానికి వచ్చిన ఆయమ్మ చిన్నవ్వతో, "నా తలకాయ తీస్కపోయి ఇయ్యి, మార్కులన్నీ దాంట్లనే ఉన్నయ్" అన్నాను. పాపం, ఆమె ఏం చేసింది? ఎవరో పంపితే వచ్చింది.

మాది కోరుట్లలో ఒక ఇంగ్లీషు మీడియం బడి. నడిపేది కేరళ నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డ దంపతులు కాబట్టి మాకు క్రిస్మస్ పెద్ద పండుగ. సెలవులకు ముందే అర్ధ సంవత్సర పరీక్షలు అయిపోవాలి. ఆ పేపర్లు దిద్ది పిల్లల చేతికివ్వాలి. టెన్త్ వాళ్ళకు పొద్దునా సాయంత్రం స్పెషల్ క్లాసులు మానకూడదు. మధ్యలో ప్రోగ్రాంకు డాన్సులు, నక్షత్రాలు, దూది గడ్డాలు. నేను లెక్కలు చెప్తాను. లెక్కల టీచరు దూది గడ్డాలు అతికించడమేమిటి సార్ అని, బడి నడిపే కరస్పాండెంట్ సారును అడిగితే "టీం వర్క్ మేడం" అన్నారు. ఆ మాట కనిపెట్టిన మహానుభావుణ్ణి ఒక్కసారి నా ముందుకు తీసుకురండి, చాలు.

స్టాఫ్‌రూములో నా పక్క కుర్చీ సంగీతది. టెన్త్‌కు క్లాస్ టీచర్, సోషల్ చెప్తుంది. నాకంటే చాలా చిన్నది, నన్ను అక్కా అంటుంది. పుట్టిల్లు, అత్తిల్లు రెండూ సిరిసిల్లలోనే. సాంచాలు, అంటే మరమగ్గాలు, సరిగ్గా నడవని రోజుల్లో మొగుడు బట్టల మిల్లులో పనికని భీవండి పోయాడు. ఈమె కూతుర్ని తల్లి దగ్గర వదిలి, కోరుట్లలో గది తీసుకొని బతుకుతోంది. ఆ వారం ఆమెకు గొంతు పూర్తిగా పోయింది. మిరియాలు నమిలింది, ఉప్పునీళ్ళు పుక్కిలించింది, ఏం లాభం లేదు. డస్టరుతో బల్ల మీద కొట్టి, చేతులు ఊపి పాఠం చెప్పింది. ఒకరోజు బోర్డు మీద తేదీ వేస్తూ పోయిన సంవత్సరం వేసింది. పిల్లలు నవ్వితే ఎందుకు నవ్వుతున్నారో ఆమెకు అర్థం కాలేదట. ఇంకోరోజు మెట్ల మీద ఆగి, "అక్కా, నేను పైకి పోతున్ననా, కిందికి దిగుతున్ననా?" అని గుసగుసగా అడిగింది. ఎగతాళి చేస్తోందనుకున్నాను. మొహం చూస్తే నిజంగానే అడుగుతోంది.

ఒళ్ళు అలిసిపోవడం మాకు ఏటా ఉండేదే. ఈసారి సంగీతను తినేస్తున్నది వేరే ఉంది. అది నాకూ, ఆమెకూ, కరస్పాండెంట్ సారుకూ తప్ప బడిలో ఎవరికీ తెలియదు.

రెండు వారాల కిందట, అందరూ పోయాక మేమిద్దరమే అన్నం తింటుంటే, కరస్పాండెంట్ సారుకు చెప్పి కిష్టయ్య అనే ఆయన స్టాఫ్‌రూముకు వచ్చాడు. టెన్త్ చదివే రుచితకు పెద్దనాన్న. వాళ్ళది ముత్యంపేట. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు.

"మేడం, మా తమ్ముడు జలపతి సచ్చిపోయిండు," అన్నాడు. "రాత్రి పండుకున్నోడు పొద్దుగాల లేవలేదట. గుండె ఆగిందంటున్నరు."

జలపతి రుచిత తండ్రి. ముత్యంపేటలో చక్కెర ఫ్యాక్టరీ మూతబడ్డాక సౌదీ పోయాడు.

"అయ్యో! రుచిత క్లాసులనే ఉన్నది, పిలుస్త," అంటూ సంగీత చెయ్యి కడుక్కోకుండానే లేచింది. అప్పటికి ఆమెకు గొంతు ఉంది.

"వద్దు మేడం, నీకు దండం పెడ్త. పోరికి చెప్పలే. దానవ్వకు, గదే మా మరదలికి, చెప్పలే. చెప్పం గూడ. గా కాయితాలు ఎప్పుడైతయో, పెట్టె ఎప్పుడస్తదో దేవునికే ఎర్క. గన్ని దినాలు మనిషి మొఖం సూడకుంట ఏడ్సుడంటే ఎట్ల? మా మరదలు బీపీ మనిషి, అది గూడ పోతది. పెట్టె అచ్చినంకనే చెప్తం. ఫోన్ ఖరాబైంది, ఎడారిల సైటు కాడికి పంపిండ్రు, సిగ్నల్ లేదని చెప్పినం. పోరికి పరీక్షలున్నయ్. మీరు జెర మంచిగ చూసుకోండ్రి."

కిష్టయ్య కొత్తగా కనిపెట్టిన పద్ధతేం కాదిది. మా దిక్కు గల్ఫ్‌లో మనిషి పోతే ఊరంతటికీ తెలుస్తుంది, ఆ ఇంటికి మాత్రం తెలియదు. ఎన్నడూ రాని చుట్టాలు వచ్చి అరుగు మీద కూర్చుంటారు. ఎందుకొచ్చారంటే ఊరికే వచ్చామంటారు. పక్కింటివాళ్ళు టీవీ సౌండు తగ్గించుకుంటారు. పెట్టె మోసుకొచ్చే అంబులెన్సు వాకిట్లో ఆగినప్పుడే ఆ ఇంటి ఆడవాళ్ళకు తెలుస్తుంది. ఇది దయో, ద్రోహమో నాకు ఈ రోజుకూ తెలియదు. ఆ రోజు మాత్రం కిష్టయ్య మీద ఒళ్ళు మండింది. మీ ఇంటి అబద్ధం మా నెత్తిన ఎందుకు పెడతావయ్యా అని అడగబోయాను. ఆయన కళ్ళు చూశాక అడగలేకపోయాను.

అప్పటి నుంచి సంగీతకు నరకం మొదలైంది. రుచిత కూర్చునేది మొదటి బెంచీలో, సరిగ్గా టేబుల్‌కు ఎదురుగా. మంచిగా చదివే పిల్ల, నోటికి తాళం లేని పిల్ల.

"టీచర్, ఎడారిల సిగ్నల్ ఎందుకుండదు? మన పుస్తకంల ఎడారి పాఠముంది గదా, గండ్ల రాయలేదు."

"టవర్లు దూరంగ ఉంటయ్ బిడ్డా."

"అయితే ఒంటె మీద పోయన్న ఒకసారి చెయ్యొచ్చు గదా టీచర్?"

క్లాసంతా నవ్విందట. సంగీత కూడా నవ్విందట. వచ్చి నా పక్కన కూర్చొని ఆ మాట చెప్తూ ఏడ్చింది. "దాని మొఖం చూసి పాఠం చెప్పలేకపోతున్న అక్కా. చూడకుంట చెప్తే, టీచర్ నా మీద కోపమైందా అంటది. ఇంటికి పోతే కండ్లు మూసినా అదే కనబడ్తది. నా బిడ్డ గూడ దానీడుదే గదా."

"సెలవులదాక పట్టుకో. బడి మూస్తే నీ పని అయిపోతది," అన్నాను. నేను చెప్పగలిగింది అంతే.

ఇక్కడ సంగీత పద్ధతి ఒకటి చెప్పాలి. కోరుట్లలో ఏ క్లాసు తీసుకున్నా సగం మంది తండ్రులు బయటి దేశాల్లో ఉంటారు. పిల్లలు తప్పు చేస్తే కొట్టకూడదు, తిడితే వాళ్ళు నవ్వుతారు. అందుకని సంగీత తండ్రుల వాట్సాప్ నంబర్లన్నీ తన ఫోనులో పెట్టుకుంది. హోంవర్క్ చేయకపోయినా, మార్కులు తగ్గినా పిల్లల్ని పిలిచి, తండ్రి నంబరు తీసి, మాట రికార్డయ్యే బటన్ నొక్కి పట్టుకొని ఫోను నోటి దగ్గర పెడుతుంది. చేసిన తప్పు వాళ్ళ నోటితో వాళ్ళే చెప్పుకోవాలి. డ్యూటీ దిగి రూముకు వచ్చాక తండ్రులు వింటారు. కొందరు తిడుతూ పంపుతారు, కొందరు "ఏం గాదు బిడ్డా, మల్లపారి మంచిగ రాయి" అని పంపుతారు. మరునాడు ప్రేయరుకు ముందే ఆ జవాబులు వినిపించాలి. లేదంటే పిల్లలు ఆమెను స్టాఫ్‌రూము దాకా తరుముకుంటూ వస్తారు. బెత్తం కంటే ఇది బాగా పని చేసింది. మిగతా టీచర్లం కూడా నేర్చుకున్నాం.

సెలవులకు ముందు చివరి రోజు పొద్దున కిష్టయ్య ఫోన్ చేశాడు. పెట్టె బయల్దేరిందని, తాను శంషాబాద్ ఎయిర్‌పోర్టుకు పోతున్నానని, రేపు తెల్లారేసరికి ముత్యంపేటలో ఉంటామని అన్నాడు. "గీ ఒక్క దినం మేడం, గీ ఒక్క దినం దాటియ్యండ్రి," అన్నాడు. ఆ మాట నేను సంగీతకు చెప్పాను. ఆమె తల ఊపింది. రాత్రంతా మార్కులు ఎక్కిస్తూ కూర్చుందని కళ్ళే చెప్పాయి. ఆ కళ్ళు నన్ను చూశాయి గానీ, మాట చెవిన పడిందో లేదో నాకు నమ్మకం లేదు.

మధ్యాహ్నం ప్రోగ్రాం అయింది. టెన్త్ ఆడపిల్లలు ఎర్ర టోపీలు పెట్టుకొని పాటలు పాడారు. తలా ఒక కేకు ముక్క ఇచ్చారు. ఆఖరి పీరియడులో పేపర్లు ఇచ్చేయాలి. మా లెక్కల పేపర్ల కట్ట తీసుకొని నేనే సంగీత క్లాసుకు పోయాను. గొంతు లేదు కదా, పేర్లు నేను చదువుతాను, నువ్వు ఇవ్వు అన్నాను. ఒక్కో పేరూ చదువుతుంటే పిల్లలు వచ్చి తీసుకున్నారు. మార్కులు మరీ తగ్గినవాళ్ళను సంగీత చెయ్యి చూపి పక్కన నిలబెట్టింది. నలుగురైదుగురు వరసగా నిలబడ్డారు. ఆ వరసలో రుచిత ఉంది. ఎప్పుడూ ఎనభైకి డెబ్బై దాటే పిల్ల, ఇరవై ఒకటి తెచ్చుకుంది. సగం పేపరు తెల్లగా ఇచ్చేసింది. నేను మిగిలిన కట్ట సర్దుకుంటున్నాను. వెనక సంగీత తన పని మొదలుపెట్టింది. ఫోను తీయడం, నంబరు వెతకడం, నొక్కి పట్టుకోవడం, నోటి దగ్గర పెట్టడం. మాట అక్కర్లేని పని. ఒకడు చెప్పాడు, ఇంకొకడు చెప్పాడు. తర్వాత వినిపించిన గొంతుకు నా చేతిలో కట్ట జారింది.

"బాపూ, నేను రుచితను. లెక్కల్ల నాకు ఇరవై ఒకటే అచ్చినయ్ బాపూ. సారీ. నువ్వు మాట్లాడుత లేవని నాకు మనసున పడ్తలేదు. మల్లపారి మంచిగ రాస్త, ఒట్టు. ఒక్కసారి ఫోన్ చెయ్యి బాపూ."

నేను వెనక్కి తిరిగేసరికి సంగీత బటన్ వదిలేసింది. మాట వెళ్ళిపోయింది. అప్పుడు చూసింది, ఏ నంబరో. చెరిపేద్దామని వేలు ఫోను మీద పెట్టింది. అంతలోనే రుచిత గట్టిగా అరిచింది.

"టీచర్! టిక్కులు నీలం అయినయ్! బాపు ఇన్నడు!"

పక్కనున్న పిల్లలంతా మూగారు. ఫోను మీద అవతలి మనిషి మాట రికార్డు చేస్తున్నట్టు అక్షరాలు వచ్చాయి. "బాపు మాట్లాడుతున్నడు, పైన చూడుండ్రి టీచర్!" అంటూ రుచిత ఎగిరింది. క్లాసంతా చప్పట్లు కొట్టింది. సంగీత ఫోనును ఛాతీకి అదుముకుంది. ఆ గడియలోనే బెల్లు కొట్టారు. సెలవుల బెల్లు. ఆ బెల్లుకు మా బడిలో గోడలు కూడా ఆగవు. "అవ్వకు చెప్పాలె! ఫోన్ బాగైందని చెప్పాలె!" అంటూ రుచిత బ్యాగు అందుకొని తలుపు దాటింది. సంగీత ఆపబోయింది. నోరు తెరిచింది, గాలి మాత్రమే వచ్చింది. నేను అరిచాను కానీ ఆ గోలలో నా అరుపు ఎవరికి కావాలి? గేటు దగ్గరికి ఉరికేసరికి వ్యాను మలుపు తిరిగింది. డ్రైవరుకు ఫోన్ చేస్తే ఎత్తలేదు. బండి నడిపేటప్పుడు ఫోన్ ఎత్తొద్దని రూలు పెట్టిందే మేము.

ఆటో మాట్లాడుకొని ముత్యంపేట బయల్దేరాం. దారిలో కిష్టయ్యకు ఫోన్ చేసి చెప్పాను.

"జలపతి ఫోను ఎల్లేశం కాడ ఉన్నది," అన్నాడు. "చందుర్తి పిలగాడు, వాని రూమోడు. బంద్ వెట్టి ఉంచుమన్నం. ఎందుకు తెరిచిండో ఏందో. మేడం, మీ కాళ్ళు మొక్కుత. ఎట్లన్న జేసి తెల్లారేదాక ఆపుండ్రి. మేం లేనప్పుడు తెలిస్తే మా మరదల్ని పట్టేటోళ్ళు లేరు."

సంగీత ఫోను బోర్లా ఒళ్ళో పెట్టుకొని కూర్చుంది. జవాబు వచ్చి పడి ఉంది. విందామన్నాను. తల అడ్డంగా ఊపింది. నేనూ పట్టుబట్టలేదు. నాకు వినాలని లేదు, అదే నిజం. అబద్ధం తయారు చేసుకోవడంలో మునిగిపోయాను. సైటు నుంచి ఫోన్ బాగు చేయించి రూముకు పంపారని, రూమాయన విన్నాడని, జలపతి రెండు రోజుల్లో వస్తాడని... కాదు, మాట్లాడతాడని. ఆటో గుంతల్లో ఎగిరినప్పుడల్లా అబద్ధం చెదిరిపోయింది, మళ్ళీ పేర్చుకున్నాను. సంగీత ఒక్కసారే నా చెవి దగ్గరికి వంగి గొణిగింది.

"నా చెయ్యే చేసింది అక్కా. నాకు తెల్వనే తెల్వదు."

"నాకెర్కనే," అన్నాను.

మేం పోయేసరికి వాకిట్లో బీడీల చాట ఒక మూలకు నెట్టేసి ఉంది. రుచిత తల్లి లత అరుగు మీద నిలబడి ఫోను చెవికి పెట్టుకొని ఉంది. ఎర్ర టోపీ తీయకుండానే రుచిత ఆమె చుట్టూ తిరుగుతోంది. గోడ పక్కన నలుగురైదుగురు ఆడవాళ్ళు నిలబడ్డారు. వాళ్ళు నవ్వడం లేదు. ఒక్కరు కూడా తలెత్తి మా వైపు చూడలేదు.

"రాండ్రి టీచరమ్మా!" అంది లత. కళ్ళు తుడుచుకుంటూ నవ్వుతోంది. "సూశిండ్రా గీ మనిషి పని! ఇన్ని దినాలు నేను బువ్వ ముట్టకుంట సస్తున్న, ఇయ్యాల పోరి మాట ఇన్నడట. నేను చేస్తే మోగుతుంది గని ఎత్తుత లేడు. ఆఖరుసారి మాట్లాడినప్పుడు ఇంటికి రమ్మని లొల్లి వెట్టుకున్న, గందుకు అలిగిండు. రానీ, గాయిన సంగతి చెప్త."

"అది కాదు చెల్లె," అని మొదలుపెట్టాను. "ఆయన సైటు కాడనే ఉన్నడట. ఫోన్ బాగు చేపిచ్చి రూముకు పంపిండ్రట. ఇన్నది రూమాయన. ఆయన రేపు..."

రేపు అనే మాట దగ్గర నా నోరు ఆగిపోయింది. రేపు ఆ వాకిట్లోకి ఏం వస్తుందో నాకు తెలుసు.

"రేపు చేస్తడటనా? మంచిదే. గా రూమాయన ఏం చెప్పిండో ఇందాం, ఇనిపియ్యుండ్రి. మంచిగున్నడంటే సాలు, నాకింకేం వద్దు," అంది లత.

సంగీత ఫోను వెనక్కి దాచుకోవాలి. ఎవరైనా దాచుకుంటారు. కానీ రాత్రంతా మేలుకున్న మనిషి. అరుగు అంచున కూలబడింది. రుచిత ఆమె ఒళ్ళోంచి ఫోను అందుకుంది. క్లాసులో రోజూ చూసేదే, ఎక్కడ నొక్కాలో పిల్లకు తెలుసు. నేను చెయ్యి చాపేలోపే సౌండు పెంచి నొక్కింది.

"బిడ్డా రుచితా. నేను ఎల్లేశం మామను, మీ బాపు రూమోన్ని." ఎవరో కుర్రవాడి గొంతు. మధ్యమధ్య ఆగుతోంది. "మీ బాపు ఫోటోలుంటయ్ గదా, మీకు పంపుదామని ఫోన్ తెరిచిన. తెరువంగనే నీ మాట ఇనబడ్డది. నాకు కాళ్ళు చేతులు ఆడ్తలేవు బిడ్డా. మార్కుల కోసం నువ్వు రంధి పడకు. మంచి అంగీ తొడిగి పంపినం మీ బాపుకు. పెట్టె విమానం ఎక్కింది, తెల్లారేసరికి మీ కాడ ఉంటది. నువ్వు గీ మాట ఎన్నడో పంపినట్టున్నవు, ఈపాటికి మీకు చెప్పే ఉంటరనుకుంటున్న. అవ్వను మంచిగ చూసుకో బిడ్డా..."

లత అరవలేదు. "ఏం పెట్టె?" అని నన్ను అడిగింది. గోడ పక్కన ఉన్న ఆడవాళ్ళ వైపు తిరిగింది. ఒక్కొక్కరి మొహమూ చూసింది.

"మీకందరికి ఎర్కనేనా?" అంది. "గిన్ని దినాలు మీకందరికి ఎర్కనేనా?"

అందులో ఒకామె కొంగు నోట్లో కుక్కుకుంది. అప్పుడు లత మోకాళ్ళ మీద పడిపోయింది. ఆ తర్వాత వచ్చిన కేక నేను రాయలేను. ఆడవాళ్ళంతా ఒక్కసారిగా ఉరికొచ్చి ఆమెను పట్టుకున్నారు. ఎవరో నీళ్ళు తెమ్మన్నారు, ఎవరో ఆర్ఎంపీ డాక్టరును పిలవమన్నారు.

రుచిత ఏడవలేదు. ఫోను రెండు చేతులతో పట్టుకొని అలాగే నిలబడింది. తర్వాత సంగీత ముందుకు వచ్చి, క్లాసులో డౌటు అడిగినట్టే అడిగింది.

"టీచర్, మరి నేను సారీ చెప్పింది బాపు ఇనలేదా?"

సంగీత నోరు తెరిచింది. పెదవులు కదిలాయి, గొంతు రాలేదు. ఆ పిల్ల జవాబు కోసం నా వైపు చూసింది. దారంతా పేర్చుకున్న అబద్ధాల్లో ఒక్కటి కూడా నాకు దొరకలేదు.

"లేదు బిడ్డా," అన్నాను. "ఇనలేదు."